ఒద్దిక యంత్రం

సుభాషిణి ఫోనులో మాట్లాడి వచ్చేసరికి ఆమె భర్త నరహరి పెట్టెలున్న తోపుడు బండిని మళ్ళీ బయటి ద్వారం వైపు తిప్పి నిలబడి ఉన్నాడు. విశాఖపట్నం విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు తీసుకోమని ఆయన్ని కౌంటరు దగ్గర వదిలి వెళ్ళి ఎంతోసేపు కాలేదు. ఏమైందని అడిగితే, ఉన్న సీట్లకంటే టిక్కెట్లు ఎక్కువ అమ్మారట, ఈరోజు కొన్నవాళ్ళందరూ వచ్చేశారట, ఇద్దరు ఆగితే ఉచితంగా వేరే టిక్కెట్లిస్తామని కౌంటరులో అమ్మాయి అడిగిందట.

"క్యూలో అంతమంది ఉంటే మనల్నే అడిగిందా?"

"నన్నే అడిగింది సుభా. పాపం మర్యాదగానే అడిగింది. పర్వాలేదమ్మా అన్నాను."

సుభాషిణికి ఒళ్ళు మండింది. వాళ్ళు వెళ్తున్నది పోర్ట్‌బ్లెయిర్‌కి, నరహరి చెల్లెలు కాత్యాయని కూతురి పెళ్ళికి. పెళ్ళి శనివారం ఉదయం. ఇవాళ మంగళవారం. మేనమామ అన్నవాడు నాలుగు రోజుల ముందే వెళ్ళి పందిట్లో తిరగాలని కాత్యాయని నెలరోజులుగా పోరుతోంది. ఆ పిల్ల ప్రణవి ఇంటర్ రెండేళ్ళూ విశాఖలో వీళ్ళింట్లోనే ఉండి చదువుకుంది. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆ రెండేళ్ళూ సందడిగా గడిచాయి. గంపలో కూర్చోబెట్టి తనను పెళ్ళిపీటల దాకా మోసుకెళ్ళేది మామయ్యేనని, అందుకు ఇప్పటినుంచే బరువులెత్తడం నేర్చుకోమని అది ఫోన్ చేసినప్పుడల్లా ఏడిపించేది.

సుభాషిణి కౌంటరుకు వెళ్ళి గట్టిగానే అడిగింది. సారే స్వచ్ఛందంగా వదులుకున్నారని ఆ అమ్మాయి జవాబిచ్చింది. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో ఇద్దరికీ కలిపి సీట్లు మళ్ళీ శుక్రవారం మధ్యాహ్నమే దొరికాయి.

కారులో నరహరి మెల్లగా చెప్పాడు, సీటు వదులుకోవడం తనకు కొత్త కాదని. మొన్న హైదరాబాదులో సెమినార్‌కి వెళ్ళేటప్పుడూ అడిగారు. అంతకుముందు చెన్నై నుంచి వచ్చేటప్పుడూ అడిగారు. ఆ రెండుసార్లూ నీలాంబర ఎయిర్‌వేసే. ఇప్పుడూ అదే.

మూడుసార్లూ అదే సంస్థ అని వినగానే సుభాషిణి టిక్కెట్లు తీసి మళ్ళీ చూసింది.

*

ఆమె మాటల ధ్వనిని చదివే శాస్త్రవేత్త. రుషికొండ మీద ఒక ప్రైవేటు పరిశోధనశాలలో పనిచేస్తుంది. ఆమె తయారుచేసిన యంత్రానికి ఒద్దిక అని పేరు పెట్టుకుంది.

ఒద్దిక పుట్టింది విమానాల కోసం కాదు. కొన్నేళ్ళ క్రితం ఆమెకు తెలిసిన ఆసుపత్రిలో ఒక పెద్దాయన కడుపు ఆపరేషన్ తరవాత, నర్సు ఎప్పుడు వచ్చి అడిగినా "పర్వాలేదమ్మా" అంటూనే ఉండి, లోపల కుట్లు చీముపట్టి చనిపోయాడు. వార్డులో రికార్డయిన ఆ మాటల్ని సుభాషిణి తెచ్చి వింది. మాటకు ముందు చిన్న ఆగుడు ఉంది. ఊపిరి సగంలో తెగింది. చివరి అక్షరం కిందికి జారింది. ఆయన నోరు దాచినదాన్ని ఆయన గొంతు దాచలేదు. దాన్ని పట్టుకునే చెవి ఒకటి కావాలనుకుంది.

అలా తయారైన యంత్రం మనిషి చెప్పే జవాబు విని రెండు అంకెలు చూపించేది. ఈ మనిషి మనం అడిగినదానికి ఒప్పుకుంటాడా అన్నది మొదటి అంకె. ఒప్పుకున్నా లోపల ఎంత బాధపడుతున్నాడు అన్నది రెండోది. వార్డులో పెట్టి చూసినప్పుడు, పర్వాలేదన్న ఒకావిడ మంచం పక్కన ఎర్రదీపం వెలిగింది. నర్సు దుప్పటి తీసి చూస్తే ఆవిడ కాలు మొత్తం కమిలిపోయి ఉంది. ఆ రోజు సుభాషిణి ఇంటికొచ్చి నరహరికి ఆ సంగతి చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆసుపత్రి దగ్గర నిధులు అయిపోయాయి. అప్పుడు పరిశోధనశాల డైరెక్టరు చక్రపాణి నీలాంబర వాళ్ళని తీసుకొచ్చాడు. విమానాల వ్యాపారంలో ప్రతి ప్రయాణానికీ రాకుండా ఎగ్గొట్టేవాళ్ళు కొందరుంటారని, అందుకే సీట్లకు మించి అమ్ముతామని వాళ్ళు వివరించారు. అందరూ వచ్చిన రోజే చిక్కు. ఎవరిని ఆపినా అరుపులు, వీడియోలు, కోర్టు నోటీసులు. ఎవరిని అడిగితే గొడవ లేకుండా ఒప్పుకుంటారో ముందే తెలిస్తే చాలన్నారు.

సుభాషిణికి అందులో తప్పేమీ కనిపించలేదు. పట్టింపు లేనివాళ్ళని అడుగుతారు, వాళ్ళు సంతోషంగా ఆగుతారు, అనుకుంది. విమానాశ్రయంలో పెట్టెలు తూచేచోట యంత్రం ప్రతి ప్రయాణికుణ్ణీ ఒక చిన్న ప్రశ్న అడుగుతుంది. "కిటికీ పక్క సీటు లేదు, మధ్య సీటు పర్వాలేదా?" అంతే. జవాబు విని ఒద్దిక వరుస కడుతుంది. అందరికంటే పైన వచ్చిన పేరునే కౌంటరులో అమ్మాయి పిలుస్తుంది.

రెండో అంకె తమకు అక్కర్లేదని నీలాంబర వాళ్ళు మొదటి సమావేశంలోనే చెప్పారు. దాన్ని తీసేసి ఇచ్చారు.

*

మర్నాడు పొద్దున్నే ఆమె ప్రయోగశాలలో నరహరి గొంతు పెట్టి చూసింది. ఒప్పుకునే అంకె నూటికి ఇంచుమించు నూరు వచ్చింది. రావడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఆ కొలబద్ద మీద చివరి గీత గీసిందే ఆ గొంతుతో. ఒద్దికకు నేర్పడానికి నిజమైన పర్వాలేదు ఏదో, అబద్ధపు పర్వాలేదు ఏదో ఖచ్చితంగా తెలిసిన మనిషి ఒకరు కావలసి వచ్చి, ఆమె ఇంట్లోనే చాలాకాలం రికార్డు చేసింది. ఏదో పరిశోధనకి కావాలంటే నరహరి ఎందుకని కూడా అడగలేదు. కూరలో ఉప్పు మర్చిపోయినా, ఆయన పుట్టినరోజున ఆమె ఢిల్లీ వెళ్ళిపోయినా, ఆయన రాసిన మొక్కల పుస్తకం అచ్చు వేయడం కుదరదని ప్రచురణకర్త తిప్పి పంపినా, ఆయన అన్న మాట అదొక్కటే. సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కదానికీ ఇది నిజం, ఇది అబద్ధం అని గుర్తుపెట్టింది ఆమే.

ఆయన నీలాంబర విమానం ఏది ఎక్కబోయినా వరుసలో మొదటి పేరు ఆయనదే అవుతుంది.

ఆమె నీలాంబరలో సీట్ల విభాగం చూసే కస్తూరికి ఫోన్ చేసింది. ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ బలవుతున్నాడని చెప్పింది. కస్తూరి ఓపిగ్గా విని, ఒద్దిక వచ్చాక తమకు ఈ విషయంలో ఒక్క ఫిర్యాదూ రాలేదని, దేశంలో ఏ సంస్థకీ అలాంటి పేరు లేదని అంది.

"రాదు కస్తూరిగారూ. ఫిర్యాదు చేయనివాళ్ళనే కదా అది ఏరుతున్నది."

"ఫిర్యాదు లేకపోతే ఇబ్బంది ఉందని నేను పైవాళ్ళకి ఎలా చెప్పను మేడమ్? ఒక్కటి చూపించండి."

సుభాషిణి ఎన్ని విధాల చెప్పినా ఆవిడ అక్కడికే వచ్చి ఆగింది. గోడకి చెప్పుకున్నట్టే ఉంది. బాధపడేవాళ్ళు నోరు విప్పరు, విప్పనందువల్ల బాధ లేనట్టే లెక్క. ఈ ముడిని బిగించింది తన చేతులేనని తెలిసి, ఆమె ఎవరి మీద అరవాలో తెలియక బల్ల మీద పెన్ను విసిరికొట్టింది.

చివర్లో కస్తూరి గొంతు తగ్గించి, శుక్రవారం పెళ్ళి ప్రయాణం కాబట్టి నరహరిగారి పేరు వరుసలోంచి పక్కన పెట్టిస్తానంది. సుభాషిణి సరేనంది. థాంక్స్ కూడా చెప్పింది. ఈ సంగతి భర్తకు చెప్పలేదు.

*

శుక్రవారం అంతా సవ్యంగా జరిగింది. పెట్టెలు తీసుకున్నారు, బోర్డింగ్ పాసులు చేతికొచ్చాయి. నరహరి అక్కడికి దగ్గర్లో కుర్చీలో కూర్చుని ప్రణవికి మెసేజ్ పెడుతున్నాడు. సుభాషిణికి మూడు రోజుల తరవాత మొదటిసారి మెడ నరాలు కాస్త వదులయ్యాయి.

అప్పుడు కౌంటరు దగ్గర ఒక ముసలామె మాట వినిపించింది. చేతిలో గుడ్డసంచీ, చంకలో స్టీలు డబ్బా. కౌంటరు అమ్మాయి ఆమెను మామ్మగారూ అని పిలిచి, రేపటి విమానానికి వెళ్తే సరిపోతుందా అని మర్యాదగా అడుగుతోంది.

"రేపైనా పర్వానేదమ్మా," అంది ముసలామె.

నరహరి తలెత్తాడు. ఫోను జేబులో పెట్టుకుని లేచి ఆమె దగ్గరికి వెళ్ళాడు. ఆమె పేరు అప్పలనరసమ్మ. శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. అల్లుడు పోర్ట్‌బ్లెయిర్‌లో చేపల పడవ మీద పనిచేస్తాడు. ఆ డబ్బాలో ఉన్నది బాలింతకు పెట్టే కాయం.

"మా పిల్లకి పొద్దుట్నించీ నెప్పులొత్తన్నాయంట బాబూ. తొలిసూరు. పురుటికి ఎల్తన్నాను."

"మరి రేపు వెళ్తానంటున్నావేంటమ్మా?"

"కాళీ నేదంతన్నారు. ఏటి సేత్తాను?"

నరహరి వెనక్కి వచ్చి భార్య ముందు నిలబడ్డాడు. మొన్న తనను అడిగినట్టే ఆమెను అడిగారని, అదే మాటలు, అదే మర్యాద అని చెప్పాడు. ఇంతమందిలో వాళ్ళకి మనుషులెలా తెలుస్తున్నారని అడిగాడు. ఆయన అనుమానిస్తూ అడగలేదు, నిజంగానే తెలియక అడిగాడు. సుభాషిణి అబద్ధం చెప్పలేకపోయింది. ఒద్దిక సంగతి, పెట్టెల దగ్గర ప్రశ్న సంగతి, రెండు ముక్కల్లో చెప్పేసింది.

"అయితే ఇవాళ నన్నెందుకు అడగలేదు?"

"మీ పేరు తీయించాను."

ఆయన ముసలామె వైపు చూశాడు. "నా తరవాత ఆవిడా?"

"అయి ఉంటుంది."

నరహరి కౌంటరుకు వెళ్ళి తన బోర్డింగ్ పాసు బల్ల మీద పెట్టాడు. తను ఆగిపోతానని, ఆమెను పంపమని చెప్పాడు. కౌంటరు అమ్మాయి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. అప్పలనరసమ్మ ఆయన చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుని, డబ్బా గుండెలకు హత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సుభాషిణి భర్త వెనకాలే కౌంటరుకు పరుగెత్తింది. ఈసారి ఆమె గొంతు హాలంతా వినిపించింది. పెళ్ళికూతురి మేనమామ ఈయన, రేపు పొద్దున్నే పెళ్ళి, అమ్మిన సీటు ఇవ్వలేని వాళ్ళకి అమ్మే హక్కు ఎక్కడిదని అరిచింది. ఫోన్లు పైకి లేచాయి. ఒక సూపర్‌వైజరు పరుగున వచ్చి, తెర మీదకు ఒకసారి చూసి, ఒక్క నిమిషంలో సీటు చూస్తానని వెళ్ళాడు. ఆమె సూపర్‌వైజరు వెళ్ళేవైపు చూసింది. చేతికి కట్టు కట్టుకున్న ఒక నడివయసు ఆయన దగ్గర ఆగి, వంగి మాట్లాడుతున్నాడు. మాట పూర్తవకముందే ఆ కట్టు కట్టుకున్నాయన తలూపుతున్నాడు.

సుభాషిణి అరుపు అక్కడితో తెగిపోయింది. ఆమె అరిస్తే సీటు పుడుతుంది. కానీ పుట్టేది ఇంకొక నోరులేని మనిషి కిందనుంచి. అరవకపోతే భర్త సీటు పోతుంది. ఎటు తిరిగినా అదే గోడ. సూపర్‌వైజరును వెనక్కి పిలిచి వద్దని చెప్పింది. తన సీటు ఆయనకిమ్మంటే, టిక్కెట్టు మీద పేరు మార్చడం కుదరదన్నాడు. తన సీటున్నా తను ఎక్కలేదు. ఆయన్ని అక్కడ వదిలి ఒంటరిగా ఆ పెళ్ళికి వెళ్ళి ఏం చెబుతుంది? పెట్టెలు దింపించుకుని బయటికి వచ్చేసరికి ఎండ కార్ల పైకప్పుల మీద మండుతోంది.

*

కారులో ఇంటిదారి పట్టారు. ఎన్‌ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు నరహరి అడిగాడు.

"ఇంట్లో నా మాటలు రికార్డు చేసుకున్నావే, అవి ఈ యంత్రానికేనా?"

అవునంది.

"వాటితో ఏం నేర్పావు దానికి?"

ఏది నిజమైన ఒప్పుకోలో, ఏది పైకి అన్నదో నేర్పానంది. ఆ తేడా తెలిస్తే రోగుల నొప్పి తెలుస్తుందని, అందుకే మొదలుపెట్టానని చెప్పింది. ఆసుపత్రిలో చనిపోయిన పెద్దాయన కథ మళ్ళీ చెప్పబోయింది.

"ఏది అబద్ధమో గుర్తుపెట్టింది ఎవరు?"

"నేనే."

"నీకెలా తెలిసింది?"

"ఇరవైరెండేళ్ళుగా వింటున్నాను కదండీ."

నరహరి కిటికీ అద్దం ఎత్తాడు. వెనక కార్లు హారన్ కొడుతున్నాయి. డ్రైవరు గేరు మార్చాడు.

"నీకు తెలియదనుకునేవాణ్ణి సుభా. నీకు పని ఎక్కువ, గమనించవు అనుకుని సరిపెట్టుకునేవాణ్ణి. నీకు ప్రతిదీ తెలుసన్నమాట. నిజం, అబద్ధం అని విడివిడిగా తెలుసు. తెలిసి, గుర్తుపెట్టుకుని, ఊరుకున్నావు."

యంత్రం ఎవరినో తప్పుగా వాడుకుంటోందని ఆమె మూడు రోజులుగా ఊరంతటి మీదా మండిపడింది. ఇప్పుడా కోపమంతా తిరిగి ఆమె మీదికే వచ్చింది.

శనివారం ఉదయం ఫోనులో పెళ్ళి చూశారు. ప్రణవిని గంపలో కూర్చోబెట్టి మోసుకొచ్చింది కాత్యాయని భర్త స్నేహితుడొకాయన. ఆయనకు అలవాటు లేక గంప ఒక పక్కకి ఒరిగింది, ఎవరో పట్టుకున్నారు. ప్రణవి నవ్వలేదు. తరవాత కాత్యాయని ఫోను తన చేతిలోకి తీసుకుంది.

"మెత్తగా ఉంటే మొత్తబుద్ధవుతుందని అమ్మ చెప్పేది అన్నయ్యా. ఎవరో ముసలమ్మ మీద వచ్చిన జాలి నా కూతురి మీద రాలేదు నీకు."

నరహరి ఏదో చెప్పబోయాడు. ఆమె పెట్టేసింది. ఆ ముసలమ్మ కూతురు అక్కడే ఏదో ఆసుపత్రిలో ఆ ఉదయం ఆడపిల్లను కని ఉండవచ్చు, కనకపోయి ఉండవచ్చు. వాళ్ళకి తెలిసే దారి లేదు.

*

సోమవారం సుభాషిణి చక్రపాణి గదికి వెళ్ళి, నీలాంబరకు ఇచ్చిన యంత్రాన్ని వెనక్కి తీసుకోవాలని, లేదా రెండో అంకెను తిరిగి చేర్చాలని అడిగింది. చక్రపాణి మంచి మాటకారి. కాఫీ తెప్పించాడు. ఒప్పందం ప్రకారం అది కుదరదని, పైగా ఇప్పుడు ఆమె సంతోషించాల్సిన వార్త ఉందని చెప్పాడు. ఒద్దిక మళ్ళీ ఆసుపత్రులకు వెళ్తోంది. ఒక పెద్ద ఆసుపత్రుల సంస్థ కొంటానంటోంది.

ఆమెకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. నొప్పి కనిపెట్టడానికా అని అడిగింది.

కాదట. వాళ్ళకీ మంచాలు చాలడం లేదు. నయం కాకముందే ఇంటికి వెళ్ళమంటే ఏ రోగి మారుమాట లేకుండా వెళ్తాడో తెలిస్తే చాలట. రెండో అంకె వాళ్ళకీ వద్దట.

తను ఏ మంచం పక్కన ఎర్రదీపం వెలగాలని యంత్రం చేసిందో ఆ మంచాన్నే ఖాళీ చేయించడానికి అది వెళ్తోంది. ఆమె వాదించింది, బతిమాలింది, తన యంత్రం అంది. జీతం తీసుకుని చేసిన పని పరిశోధనశాలది అవుతుందని చక్రపాణి నెమ్మదిగా గుర్తుచేశాడు. ఒక్క చిన్న తతంగం మాత్రం మిగిలిందన్నాడు. ఒద్దికలో ఉన్న ప్రతి గొంతుకూ ఆ మనిషి అనుమతి ఉండాలని ఆసుపత్రి లాయర్లు అడుగుతున్నారు. అందరివీ ఉన్నాయి, నరహరిగారిదే లేదు. ఆయన ఒకసారి వచ్చి నోటితో ఒప్పుకుంటున్నానంటే రికార్డు చేసుకుంటారు.

"ఒప్పుకోకపోతే?" అంది సుభాషిణి.

కొలబద్దకు చివరి గీతే ఆయనది కాబట్టి అది తీసేస్తే ఒద్దిక మొత్తం కూలుతుందని చక్రపాణి దాచకుండా చెప్పాడు. అని నవ్వాడు. "మీవారే కదండీ. ఒద్దికనే అడుగుదామా, ఒప్పుకుంటారో లేదో?"

ఇంటికి వెళ్ళి ఆమె నరహరికి అంతా చెప్పింది. ఈసారి ఏదీ దాచలేదు. శుక్రవారం నుంచి ఆయన ఆమెతో అవసరమైనంతే మాట్లాడుతున్నాడు. వద్దని చెప్పండి అనబోతే ఆపాడు.

"నన్నేం చెప్పమంటావో చెప్పకు. నువ్వు చెప్పమన్నది చెప్తే అదీ సర్దుకుపోవడమే అవుతుంది."

*

సమావేశపు గదిలో చక్రపాణి, ఆసుపత్రి సంస్థ తరపున ఇద్దరు, ఒక మూల సుభాషిణి. బల్ల మధ్యలో మైకు. నరహరి తను వృక్షశాస్త్రం చెప్పే కాలేజీ నుంచి అటే వచ్చాడు. చొక్కా చేతుల మీద ప్రయోగశాలలో ఆకులు నూరిన పచ్చని మరకలున్నాయి. చక్రపాణి ఎదురెళ్ళి ఆయన్ని కూర్చోబెట్టాడు. ఆయన శాస్త్రానికి చేసిన సేవ ఎంత గొప్పదో, ఎన్ని ఆసుపత్రులు ఆయనకు రుణపడి ఉంటాయో చెప్పాడు. చివర్లో, ఈ గొంతును ఒద్దికలో వాడుకోవడానికి తమకు అభ్యంతరం లేదు కదా అని అడిగాడు.

నరహరి నీళ్ళ గ్లాసు అందుకుని కొంచెం తాగాడు. ఆయన పెదవులు ఆ అలవాటైన మాటకు సిద్ధం కావడం సుభాషిణి చూసింది. ఆమె లెక్కలన్నీ ఆ మాటే వస్తుందన్నాయి.

"ఒప్పుకోను," అన్నాడు నరహరి.

గదిలో ఎవరికీ సరిగ్గా వినపడలేదు. చక్రపాణి కొంచెం ముందుకు వంగి, బహుశా తను అడిగింది అర్థం కాలేదేమోనని మళ్ళీ అడిగాడు. అందరికీ మేలు జరిగే పని అన్నాడు. మీ శ్రీమతిగారి ఇన్నేళ్ళ శ్రమ అన్నాడు.

నరహరి చేతులు బల్ల కిందకు తీసుకున్నాడు. "అర్థమైందండీ. నాకు ఇష్టం లేదు. నా గొంతు తీసేయండి. ఇంతకుముందు ఎందుకో చెప్పకుండా తీసుకున్నారు, అది కూడా నాకు ఇష్టం లేదు."

ఆయన గొంతు పెంచలేదు. బయటి మనిషి వింటే ఏదో దారి అడుగుతున్నాడనుకునేవాడు. చక్రపాణి ఇంకో రెండు రకాలుగా అడిగి చూశాడు. ప్రతిసారీ ఆయన అదే చెప్పాడు. ఆ తరవాత లేచి, అందరికీ నమస్కారం పెట్టి, తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు. మెట్ల మలుపులో గోడకు ఆనుకుని నిలబడి ఉంటే సుభాషిణి వెళ్ళి చూసింది. ముఖమంతా చెమట. దగ్గరికి రావద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

*

నెల తిరక్కుండా ఒద్దిక మూతపడింది. నరహరి గొంతు తీసేశాక అది ఎవరిని విన్నా ఒకే అంకె చూపించడం మొదలుపెట్టింది. నీలాంబర కౌంటర్ల దగ్గర మళ్ళీ అరుపులు మొదలయ్యాయి, మైకులో అందర్నీ కలిపి అడగడం మొదలైంది. ఆసుపత్రుల సంస్థ వెనక్కి తగ్గింది. నొప్పి కనిపెట్టే ఆ రెండో అంకె కూడా దాంతోపాటే పోయింది. కావాలంటే ఇంకో గొంతుతో మళ్ళీ కట్టవచ్చు గాని, సుభాషిణికి ఇక ఏ పరికరమూ ఇవ్వలేదు. ఆమెను పాత రికార్డులు సర్దే పనిలో కూర్చోబెట్టారు. బెంగళూరులో ఎవరో అలాంటిదే వేరే పేరుతో తయారుచేస్తున్నారని పేపర్లో చదివి, ఆ పేపరును రెండుగా చింపింది. చింపి ప్రయోజనమేమిటని మళ్ళీ తన మీదే విసుక్కుంది.

కాలేజీ సెలవులు ఇచ్చాక నరహరి ఓడకు టిక్కెట్టు తీసుకున్నాడు. చెల్లెలి ఇంటికి వెళ్ళొస్తానన్నాడు. తనూ వస్తానని సుభాషిణి పెట్టె దించింది.

"వద్దు సుభా. నేనొక్కణ్ణే వెళ్తాను."

కాత్యాయనికి తనే చెప్పుకోవాలని, తప్పు తనదేనని ఆమె వాదించింది. ఆయన విని, మళ్ళీ వద్దన్నాడు. ఎన్నాళ్ళుంటారంటే తెలియదన్నాడు. కోపమా అంటే అవునన్నాడు. ఆ మాట అంత సూటిగా వస్తుందని ఆమె అనుకోలేదు. దించిన పెట్టెను మళ్ళీ అటక మీదకు ఎత్తుతుంటే ఆయనే వచ్చి ఒక పక్క పట్టుకున్నాడు.

ఓడరేవుకు వెళ్ళింది. ఓడ కదిలేదాకా నిలబడింది. ఆయన పైనుంచి చెయ్యి ఊపాడు.

ఐదో రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. ఆమె ఏమీ అడగకముందే ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఓడలో నిద్ర పట్టలేదు. కడుపులో తిప్పింది. కాత్యాయని తలుపు తీసింది, అన్నం పెట్టింది, మాట్లాడలేదు. ప్రణవి అత్తవారింటి నుంచి వచ్చి పక్కన కూర్చుని, ఆ రోజు గంపలో తనకు చాలా భయం వేసిందని చెప్పింది. అది విన్నాక పెరట్లోకి వెళ్ళి చాలాసేపు ఏడ్చానన్నాడు. తన పుస్తకం తిప్పి పంపిన రోజు కూడా ఇలాగే కాలేజీ వెనక తోటలో ఏడ్చానని, ఇంటికొచ్చి ఆమెకు చెప్పలేదని అన్నాడు. ఆ తరవాత ఇంకా వెనక్కి వెళ్ళాడు. పెళ్ళయిన కొత్తల్లోవి, ఆమె మర్చిపోయినవి కూడా వచ్చాయి.

మధ్యలో రెండు చోట్ల అది అలా జరగలేదని చెప్పాలనిపించింది ఆమెకు. నోరు తెరిచి మూసుకుంది. పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయిన వాసన వస్తుంటే, ఫోను చెవిన పెట్టుకునే వెళ్ళి గ్యాసు కట్టేసింది. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. వంటింటి గట్టుకు ఆనుకుని కింద కూర్చుని, ఆమె వింటూ ఉండిపోయింది.